కింది పెదవి

ఆ రోజు ఆ ఇంట్లో అందరికంటే ముందు వేడెక్కింది ఇస్త్రీ పెట్టె. తల్లి తెల్లవారకముందే లేచి, భర్తకున్న ఒక్కగానొక్క పూర్తిచేతుల చొక్కాని టేబుల్ మీద పరిచి, కాలర్ దగ్గర నీళ్లు చిలకరించి రుద్దుతోంది. ఆ చొక్కా అంతకుముందు రెండు పెళ్లిళ్లకీ ఒక చావుకీ మాత్రమే బయటికొచ్చింది. ఇవాళ మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కబోతోంది.

కూతురు డిగ్రీ చివరి సంవత్సరం. వినికిడి గురించి చదువుతోంది. డిగ్రీ పిల్లలు తాము సొంతంగా చేసిన పరిశోధనలను చెప్పుకునే సదస్సు ఒకటి ఆ యూనివర్సిటీలో ఏటా జరుగుతుంది. ఎక్కువమంది వరండాలో గోడకి తమ పోస్టర్ తగిలించుకుని, వచ్చేపోయేవాళ్ల మొహాలు చూస్తూ నిలబడాల్సిందే. స్టేజీ ఎక్కి మాట్లాడే అవకాశం పన్నెండుమందికే. ఆ పన్నెండుమందిలో ఈ పిల్ల ఒకతె.

ఆమె పరిశోధన ఎక్కడో కాదు, తండ్రి పనిచేసే మేకుల షెడ్డులోనే. ఇరవై రెండు మిషన్లు ఒకే రేకుల కప్పు కింద పొద్దస్తమానం ఇనుప తీగని కొరుకుతూ, దాని నెత్తిన మొత్తుతూ, ట్రేల నిండా మేకులు రాలుస్తుంటాయి. అక్కడ మాటలుండవు. అన్నీ చేతులతోనూ కనుబొమలతోనూ జరిగిపోతాయి. ఇరవై ఆరేళ్లుగా అక్కడే ఉన్న తండ్రిని అందరూ ‘మిషన్ డాక్టర్’ అంటారు. మిషన్ ఒంటిమీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేస్తాడు.

కూతురు కాలేజీ నుంచి వినికిడి పరీక్ష పెట్టె తెచ్చి, షెడ్డు వెనక స్టోర్ గదిలో, సెలవు రోజుల్లో ముప్ఫై ఒక్కమందికి పరీక్ష చేసింది. మనిషి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాడు. ఈమె బటన్ నొక్కుతుంది. సన్నగా కూత వినిపిస్తే అతను వేలెత్తుతాడు. కుర్రాళ్ల చెవులు అప్పుడే కాస్త దెబ్బతిన్నట్టు తేలింది. తండ్రితో సహా ఏడుగురు పెద్దవాళ్ల చెవులు మాత్రం కుర్రాళ్లకంటే బాగున్నాయి. కారణమేమిటని వెతికితే, ఆ ఏడుగురూ మొదట్నుంచీ మిషన్ నూనెలో ముంచిన దూది చెవుల్లో పెట్టుకుంటారని తెలిసింది. గైడు మేడమ్ సంబరపడిపోయింది. షెడ్డు ఓనరు ఇంకా సంబరపడ్డాడు. అందరికీ మోత ఆపే చెవి కప్పులు కొనాలని ఇచ్చిన ఆర్డరు రద్దు చేసి, గేటు దగ్గర ఒక నూనె డబ్బా, ఒక దూది కట్ట పెట్టించాడు. ఇవాళ సదస్సుకి ఆయన కూడా వస్తున్నాడు.

“నాన్నా, ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా విను. నేను జడ వేసుకుంటాను,” అంటూ కూతురు ఫోన్లో రికార్డు చేసుకున్న తన ప్రసంగాన్ని నొక్కి, ఫోన్ని ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, లోపలి గదిలో అద్దం ముందుకి వెళ్లింది.

తండ్రి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడప్పుడూ తలాడించాడు. ఫోన్ తెర ఆరిపోగానే చిన్నగా దగ్గాడు.

“చాలా బాగుంది తల్లీ. మధ్యలో కాస్త తొందరపడ్డావు, అంతే.”

ఆమె నవ్వుకుంటూ వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంది. తెర మీద చిన్న గుర్తు చూసి ఆగిపోయింది. శబ్దం ఫోన్లోంచి రాలేదు. ఆమె సంచీలో, డబ్బీలో పడున్న ఇయర్‌బడ్స్‌లోకి పోయింది. ఇంతసేపూ ఆ గదిలో ఒక్క మాట కూడా పలకలేదు.

ఆమె మెల్లగా తండ్రి వెనక్కి వెళ్లి నిలబడింది.

“నాన్నా.”

ఆయన టీ తాగుతున్నాడు.

“నాన్నా, చొక్కా కాలిపోతోంది!”

వంటింట్లోంచి తల్లి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. తండ్రి ఇంకో గుక్క తాగి, గ్లాసులో ఎంత మిగిలిందో చూసుకున్నాడు.

తల్లి చొక్కా వైపు చూసింది. చొక్కా హాంగర్‌కి నిక్షేపంగా వేలాడుతోంది. తర్వాత కూతురి మొహం చూసింది. దాపరికం అయిపోయిందని ఆవిడకి అర్థమైంది.

“పొద్దున్నే ఏంటా కేకలు,” అంది, గొంతులో కోపం తెచ్చుకోబోయి.

“అమ్మా, నాన్నకి వినపడదు.”

తల్లి వెళ్లి స్టవ్ ఆపేసి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“తొమ్మిదేళ్లయింది. ముందు ఒక చెవి, తర్వాత రెండోది. ఇప్పుడు లారీ హారన్ కొడితే ఏదో కదిలినట్టు ఉంటుందంట.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు గట్టిగా మాట్లాడతావు. గట్టిగా మాట్లాడితే పక్కింటికి తెలుస్తుంది. పక్కింటాయన అదే షెడ్డు. సైరన్ వినపడనివాణ్ణి మిషన్ మీద ఉంచరు, రూలు. ఇంక మూడేళ్లే. మూడేళ్లు ఎలాగో గడిస్తే పెన్షన్‌తో బయటికొస్తారనుకున్నాం.”

కూతురికి అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తల్లి ఏం చెప్పాలన్నా ముందు ఆయన మోచెయ్యి తాకుతుంది. సినిమాకి వద్దంటారు. ఫోన్ మోగితే ఎప్పుడూ తల్లే తీస్తుంది. తను పదమూడేళ్లప్పుడు, పిలిస్తే పలకని తండ్రిని చూసి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అని నవ్వింది. తల్లి చెంప పగలగొట్టింది. ఒక్క సామెతకి అంత దెబ్బేమిటని ఆమె వారం రోజులు అలిగింది.

ఆమె వెళ్లి తండ్రికి ఎదురుగా కూర్చుంది. ఆయన కళ్లు ఆమె పెదవుల మీదికి వచ్చాయి. ఇన్నేళ్లూ నాన్న నా మొహంలోకి ఎంత శ్రద్ధగా చూస్తాడో అని మురిసిపోయిన చూపే అది.

“పరీక్షలో వేలు ఎలా ఎత్తావు నాన్నా?”

ఆయన తేలు కుట్టిన దొంగలా చూపు దించుకున్నాడు. గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

“నువ్వు బటన్ నొక్కే ముందు కింది పెదవిని పంటి కింద పెట్టుకుంటావమ్మా. పలక మీద అక్షరాలు దిద్దించేటప్పట్నుంచీ ఉంది నీకా అలవాటు. పెదవి లోపలికి పోగానే వేలెత్తాను.”

“మిగతా ఆరుగురూ?”

“వాళ్లకీ నేనే చెప్పాను. పిల్ల పెదవి చూడండ్రా అని. మీ పొట్టి పెదనాన్న అయితే బయట బెంచీ మీద కూర్చుని ప్రాక్టీసు కూడా చేశాడు.”

“ఎందుకు నాన్నా? ఎందుకు చేశారలా?”

“పరీక్ష కదా. మేం తప్పితే నువ్వు తప్పుతావనుకున్నాం.” ఆయన గొంతు తగ్గింది. ఎంత తగ్గిందో ఆయనకి తెలియదు. “నా ఉద్యోగం భయం కూడా ఉంది, లేదనను. కానీ వాళ్లకి ఏం భయం? ఇద్దరు వచ్చే ఏడాది దిగిపోతారు. మన పిల్ల పాసవ్వాలిరా అనుకున్నారు. అంతే.”

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పెదవి లోపలికి పోయిన ప్రతిసారీ వేలెత్తారు. వినీ వినపడనంత సన్నటి కూతకి కూడా ఎత్తారు. అందుకే కుర్రాళ్లకంటే గొప్ప చెవులు వాళ్లవి.

తప్పు వాళ్ల ఒక్కరిదే అయితే ఎంత బాగుండేది. పరీక్ష చేసేటప్పుడు మనిషిని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాలని గైడు మేడమ్ పదిసార్లు చెప్పింది. ఆమెకి మనసొప్పలేదు. తనని ఎత్తుకుని తిప్పిన బాబాయిలనీ పెదనాన్నలనీ గోడవైపు తిరగండి అనడానికి నోరు రాలేదు. ఎదురుగానే కూర్చోబెట్టింది. రిపోర్టులో మాత్రం ‘గోడవైపు’ అని రాసింది. అదేం పెద్ద తేడా చేస్తుందిలే అనుకుంది.

“ఇవాళ నేను స్టేజీ మీద చెప్పబోయేదంతా అబద్ధం,” అందామె లేస్తూ.

“అబద్ధమని నీకు ఇవాళ తెలిసింది. రేపు తెలిసిందనుకోవే,” అంది తల్లి. “ఒక్క రోజు. నీ బహుమతి నువ్వు తెచ్చుకో, నీ డిగ్రీ నువ్వు తెచ్చుకో. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది.”

“ఓనరు కప్పుల ఆర్డరు రద్దు చేశాడమ్మా. నా కాగితం చూపించి రద్దు చేశాడు. ఇప్పుడు ఇరవై నాలుగుమంది కుర్రాళ్లు ఆ నూనె దూది పెట్టుకుని మిషన్ ఎక్కుతున్నారు. ఇంకో పదేళ్లకి వాళ్లంతా ఇలాగే టీ గ్లాసు ముందు కూర్చుని తలలాడిస్తారు.”

“నీకు ఆ ఇరవై నాలుగుమందీ కనపడుతున్నారు. ఈ ఒక్కడూ కనపడట్లేదు.” తల్లి కళ్లలో నీళ్లు నిండాయి. “మిషన్ మీదనుంచి దించేస్తే ఈయన బతకరే. ఆయనకి ఇంకేం వచ్చు? మనుషుల మాట పోయాక మిషన్ మాటే కదా మిగిలింది.”

నిజం చెబితే తండ్రి, చెప్పకపోతే ఆ కుర్రాళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తండ్రి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఒకరి వైపు తిరిగేసరికి రెండోవారి మాట జారిపోతోంది.

“కాస్త నా వైపు తిరిగి పోట్లాడుకోండి,” అన్నాడు.

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలన్నీ పెట్టుకుని, కూతురి ఫైలు తన చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె స్టేజీ ఎక్కేది పదకొండున్నరకి. బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో కూర్చున్నారు.

యూనివర్సిటీ వరండా నిండా పోస్టర్లు. అన్నల కోట్లు వేసుకొచ్చిన పిల్లలు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. వానపాముల మీద పరిశోధన చేసిన అమ్మాయి ఒకతె, ఎవరూ అడక్కపోయినా తండ్రిని పట్టుకుని వాటికి ఎన్ని గుండెలో వివరించింది. ఆయన ఎంతో శ్రద్ధగా తలాడించాడు. అది చూసి కూతురు మొహం పక్కకి తిప్పుకుంది. తనకీ అలాగే తలాడించాడు, ఇన్ని నెలలూ.

హాలు తలుపు దగ్గర గైడు మేడమ్ ఎదురొచ్చి, ఆమె కాలర్ సవరించింది.

“మేడమ్, మీకొక విషయం చెప్పాలి.”

“దిగాక చెప్పు. ఇప్పుడు నీళ్లు తాగి, మెల్లగా మాట్లాడు. జడ్జిలు నీ గ్రాఫు గురించే అడుగుతున్నారు.”

రెండో వరసలో ఓనరు కూర్చున్నాడు. తల్లీ తండ్రీ వెనక వరసలో, తలుపు పక్కన. ఆమె పేరు పిలిచారు.

మొదటి రెండు బొమ్మలూ బాగానే చూపించింది. షెడ్డు, మిషన్లు, ముప్ఫై ఒక్కమంది. మూడోది గ్రాఫు. ఏడు ఎర్ర చుక్కలు మిగతా అన్నిటికంటే పైన, వరసగా. అక్కడ ఆమె ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, ముందు వరసలో ఒకాయన ఆమెకి మంచినీళ్లు ఇవ్వమని సైగ చేశాడు.

“ఈ గ్రాఫు తప్పు,” అంది. “పరీక్ష చేసేటప్పుడు అందరినీ నాకు ఎదురుగా కూర్చోబెట్టాను. రిపోర్టులో గోడవైపు కూర్చోబెట్టానని రాశాను. అది అబద్ధం. నేను బటన్ నొక్కడం వాళ్లకి కనపడింది. కనపడింది చూసి వేలెత్తారో, వినపడి ఎత్తారో నేను చెప్పలేను. నూనె దూది చెవుల్ని కాపాడుతుందని నేను రాసినదానికి ఆధారం లేదు. దయచేసి ఎవరూ దాన్ని నమ్మకండి. తప్పు నాది, పరీక్షకి కూర్చున్నవాళ్లది కాదు.”

గైడు మేడమ్ కుర్చీలోంచి సగం లేచింది. “ఎదురుగా కూర్చోబెట్టి, గోడవైపు అని రాశావా?”

“రాశాను మేడమ్.”

ఆవిడ మళ్లీ కూర్చుంది. చెయ్యి నుదుటికి ఆనించుకుంది, ఇంక తలెత్తలేదు.

ఓనరు లేచాడు. “అంటే మా షెడ్డులో వినపడనివాళ్లు ఉన్నారంటావా? ఎంతమంది?”

“తెలియదండీ. నా దగ్గర సరైన లెక్క లేదు.”

“ఉన్నారా లేరా? నువ్వు మా వాళ్ల దగ్గరికొచ్చి, మా స్టోర్ గది వాడుకుని, ఇప్పుడు తెలియదంటే ఎలా?”

ఆమె మైకు పట్టుకుని తల వంచుకుంది.

వెనక వరసలో తండ్రికి ఇవేవీ తెలియవు. అంత దూరం నుంచి పెదవులు అందవు. ఆయనకి కనపడింది ఇంతే: తలవంచుకున్న కూతురు, పెన్నుతో ఆమెని చూపిస్తూ నిలబడ్డ ఓనరు, నుదురు పట్టుకున్న మేడమ్. ఆయన భార్య మోచెయ్యి తాకాడు. ఏమంటున్నారు అన్నట్టు చూశాడు.

ఆ క్షణంలో తల్లి ఏమైనా చెప్పొచ్చు. ఏవో ప్రశ్నలడుగుతున్నారు, మామూలే, అని ఉంటే సరిపోయేది. తొమ్మిదేళ్లుగా ఆయన చెవులు ఆవిడే. ఏ మాట లోపలికి రానివ్వాలో ఏది గుమ్మం బయట ఆపాలో ఆవిడే చూసుకుంది. కానీ స్టేజీ మీద ఒంటరిగా నిలబడ్డ పిల్లని చూశాక ఆవిడకి అబద్ధం నోటిదాకా రాలేదు. భర్త వైపు పూర్తిగా తిరిగి, పెదవులు నిదానంగా కదుపుతూ చెప్పింది.

“తప్పంతా తనదేనంటోంది. మీ పేరెత్తలేదు.”

ఆయన లేచి నిలబడ్డాడు. తల్లి ఆయన చొక్కా పట్టుకోబోయి వదిలేసింది.

“అయ్యా, ఆ పిల్లది కాదు,” అన్నాడు. ఇరవై రెండు మిషన్ల మధ్య నిలబడి అరిచినట్టుంది ఆ గొంతు. హాలంతా వెనక్కి తిరిగింది. “నాకు వినపడదు. తొమ్మిదేళ్ల నుంచి వినపడదు. పిల్ల మొహం చూసి నేనే వేలెత్తాను. నేను దాన్ని మోసం చేశాను.”

టైము అయిపోయిందని స్టేజీ మీద కూర్చున్నాయన గంట కొట్టాడు. అందరూ అటు తిరిగారు. తండ్రి తిరగలేదు. గంట రెండోసారి మోగింది, ఇంకా గట్టిగా. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

“ఆ నూనె దూది నా చెవుల్లో ఇరవై ఆరేళ్లు ఉంది. ఏమీ ఆపలేదు. కుర్రాళ్లకి అది ఇవ్వకండి బాబూ. ఆ కప్పులే కొనివ్వండి.”

గంట పట్టుకున్నాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మూడోసారి కొట్టలేదు. ఆ పిల్ల పరిశోధన మొత్తంలో సరిగ్గా జరిగిన వినికిడి పరీక్ష అదొక్కటే. కూతురు స్టేజీ మీద నిలబడి, అందరితోపాటు దాన్ని చూసింది.

తర్వాత అన్నీ చాలా మర్యాదగా జరిగిపోయాయి. వరండాలో ఓనరు తండ్రి భుజం మీద చెయ్యి వేసి, మొహంలో మొహం పెట్టి, సోమవారం మిషన్ దగ్గరికి కాదు, ఆఫీసుకి రండి అన్నాడు. తండ్రి తలాడించాడు. అర్థమై ఆడించాడో అలవాటుగా ఆడించాడో ఎవరికీ తెలియలేదు. కప్పుల సంగతి ఓనరు ఎత్తలేదు. గైడు మేడమ్ కూతురిని పక్కకి పిలిచి, దొంగ రాత కాబట్టి కమిటీ ముందుకి వెళ్లాల్సి ఉంటుందనీ, ఈ ఏడాది డిగ్రీ చేతికి రావడం కష్టమనీ చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టకుండా, పొద్దున తాను సవరించిన కాలర్ వైపు చూసి వెళ్లిపోయింది.

బస్టాపులో సిమెంటు బెంచీ ఒకటుంది. ముగ్గురూ దాని మీద కూర్చున్నారు. తల్లి కొంగుతో మొహం కప్పుకుని ఏడుస్తోంది. ఇన్నేళ్లు దాచింది ఒక్క మధ్యాహ్నంలో పోయింది, పోగొట్టింది తానే. కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ విదిలించుకోలేదు.

“నేనే చెప్పానే ఆయనకి,” అంది తల్లి. “చెప్పకుండా ఉండాల్సింది.”

“లేదమ్మా.”

“లేదంటే సోమవారం ఆగిపోతుందా?”

సోమవారం రాకమానదు. ఇంకెవరికీ వినిపించకుండా ఆయన అరచేతికి మాత్రమే మిషన్లు చెప్పుకునే మాటలు ఆ రోజుతో ఆగిపోతాయి. మిగిలిన ఆరుగురూ తమ మిషన్ల దగ్గర నోరు మూసుకుని, తలలు వంచుకుని ఉంటారు. పొట్టి పెదనాన్న మొహం ఎలా చూడాలో కూతురికి తెలియలేదు.

తండ్రి ఆమె మోచెయ్యి తాకాడు. తల్లి ఆయన్ని తాకినట్టే, రెండు వేళ్లతో.

“ఇంతకీ అక్కడ నువ్వేం చెప్పావు తల్లీ? నేను ఒక్క ముక్క వినలేదు. ఇంట్లో అన్నిసార్లు చదివావు, అప్పుడూ వినలేదు. నీ పరిశోధనలో ఏం రాశావో నాకు ఇప్పటిదాకా పూర్తిగా తెలియదు.”

ఆమెకి అప్పుడు తెలిసింది. ముప్ఫై ఒక్క జతల చెవులు కొలిచింది గానీ, తన మాట ఒక్కటి కూడా చేరని చెవులు తన ఇంట్లోనే, టీ గ్లాసు పక్కనే ఉన్నాయి. తొమ్మిదేళ్లుగా తను చెప్పిన మార్కులు, చాడీలు, కలలు, అన్నిటికీ ఆయన తలాడించాడు. ఆమె మొహం బాగుంటే బాగుందన్నాడు, వాడిపోతే దగ్గరికి తీసుకున్నాడు. పెదవుల మీద దొరికిన ముక్కలు పోను, అంతవరకే ఆయనకి అందింది.

ఆమె బెంచీ మీద పక్కకి జరిగి, ఆయనకి సరిగ్గా ఎదురుగా తిరిగి కూర్చుంది. మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది. మా నాన్న ఒక మేకుల షెడ్డులో పనిచేస్తారు, అని. ఆ తర్వాత మాట రాలేదు. కళ్లు నిండి, ఏడుపు బయటికి రాకుండా ఆపుకోబోయింది.

ఆయన బొటనవేలితో ఆమె గడ్డం పట్టి కాస్త పైకెత్తాడు.

“ఆ కింది పెదవి వదులమ్మా,” అన్నాడు. “మాట కనపడట్లేదు.”